గ్లాసులో నీళ్లు పోసి చూపించిన డాక్టరమ్మ

మా పెద్ద డాక్టరమ్మ పోయారు. ఆ కబురు వచ్చేసరికి నేను మాయాబందర్‌లో మా వరండాలో కూర్చుని మనవరాలికి అరటిపండు నలిపి పెడుతున్నాను. స్కూలు పని మీద పోర్ట్ బ్లెయిర్ వెళ్లిన మా అల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, డెలానీపూర్‌లో డాక్టరమ్మ గారు... తెల్లారే పోయారంట" అని ఆగిపోయాడు. నలుపుతున్న నా చెయ్యి అరటిపండు మీదే ఆగిపోయింది. పిల్ల మాత్రం నా వేలు పట్టుకుని లాక్కుని నోట్లో పెట్టుకుంది. దాని ఆకలి దానిది.

మన ద్వీపాల తెలుగు సంఘం పత్రికకు నాలుగు ముక్కలు రాయమని పాస్టరు గారు అడిగారు. నా చదువు ఏడో తరగతి. జెట్టీలో ఓడల తాళ్లు లాగి రిటైరైనవాణ్ణి. వాక్యం వంకరపోతే సర్దుకోండి. చావు గురించి రాస్తూ ఈ ముసలాయన ఇంత సంబరంగా ఉన్నాడేమిటని కూడా అనుకోకండి. ఆవిడ పేరెత్తితే నాకు ఏడుపూ నవ్వూ కలిసే వస్తాయి. ఆ రెండూ విడదీసి రాయడం నాకు చేతకాదు.

మాకు ఒక్కతే కూతురు. లేకలేక పుట్టింది. పెళ్లయిన చాలా ఏళ్లకు కడుపుతో ఉన్నానని చెప్పింది. నేనూ మా ఆవిడా ఆ రోజు చర్చిలో పాట పాడుతూ పాడుతూ ఏడ్చేశాం. ఆరో నెలలో అమ్మాయికి జ్వరం పట్టుకుంది. మాయాబందర్‌లో తగ్గలేదు, పోర్ట్ బ్లెయిర్ పంపారు. అక్కడ రక్తం తీసి చూస్తే బురద నీళ్ల నుంచి, ఎలుకల నుంచి వచ్చే జ్వరమని తేలింది. ఇంజెక్షన్లు పడ్డాయి, జ్వరం దిగింది. ఆ టెస్టు చేసినవాళ్లకు నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను.

అసలు కథ జ్వరం దిగిన తర్వాత మొదలైంది.

మీలో డిగ్లీపూర్, రంగత్, మాయాబందర్ వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. పోర్ట్ బ్లెయిర్ ఆస్పత్రికి వెళ్లడమంటే మనకు పెద్ద పని. తెల్లవారకముందే బస్సెక్కాలి, అడవి దారిలో బళ్లన్నీ గుంపుగా కదిలే కాన్వాయ్ కోసం గేటు దగ్గర పడిగాపులు కాయాలి, బస్సుతో సహా పంటు మీద నీళ్లు దాటాలి. ఇంత అవస్థపడి వెళ్లాక ఒక్క టెస్టుతో తిరిగి రావడానికి ఎవరికీ మనసొప్పదు. పెద్ద బజారుకు వెళ్లినట్టే, వచ్చాం కదా అన్నీ తీసుకుపోదాం అంటాం. మా ఆవిడ కూడా అంతే. మలయాళీ సిస్టరు కనబడితే చాలు.

"సిస్టరమ్మా, మళ్లీ ఎప్పుడొస్తామో ఏటో. షుగరు, థైరాయిడు, ఇంకా ఏటున్నాయో అన్నీ తీసీండి."

"అమ్మా, సబ్ హో రహా హై. ఫికర్ మత్ కరో" అనేది సిస్టరు.

నిజంగానే అన్నీ అవుతున్నాయి. రోజూ పొద్దున్నే రక్తం తీసే సీసాల ట్రే పట్టుకుని వచ్చేది. జ్వరం డాక్టర్లు కొన్ని రాశారు. కాన్పుల వార్డు వాళ్లు కొన్ని రాశారు. జ్వరంలో కిడ్నీ మీద కొంచెం అనుమానం వచ్చిందట, ఆ డాక్టర్లు కొన్ని రాశారు. రాసినవాళ్లున్నారు గాని కొట్టేసినవాళ్లు లేరు. కిడ్నీ బాగుందని తేలిన తర్వాత కూడా ఆ సీసాలు వస్తూనే ఉన్నాయి. అమ్మాయి రెండు మోచేతుల లోపలా నీలంగా కమిలిపోయింది.

ఈలోగా అమ్మాయికి రక్తం తగ్గుతోందన్నారు. ఇవాళ నిన్నటికంటే తక్కువ, రేపు ఇవాళ్టికంటే తక్కువ. ఎందుకు తగ్గుతోందో తెలియాలి కదా, దానికి ఇంకొన్ని టెస్టులు, ఇంకొన్ని సీసాలు. ఒకరోజు చిన్న డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. అతను ఇక్కడి కుర్రాడే. తెలుగు చక్కగా మాట్లాడతాడు, చదవమంటే మాత్రం బిక్కమొహం వేస్తాడు.

"అంకుల్, ఇక్కడ ఏం సమఝ్ కావట్లేదు. చెన్నై పంపించాలి. ఎముక లోపలి మూలుగ తీసి చూస్తారు అక్కడ. రక్తం ఇంత తక్కువుంటే విమానం వాళ్లు ఎక్కించుకోవట్లేదు. షిప్‌లో పేషెంట్లకు ఉంచే సీటు రాయిస్తా."

నేను పుట్టినప్పటినుంచీ ఓడలతోనే బతికినవాణ్ణి. ఆ వానల నెలల్లో సముద్రం ఎలా ఉంటుందో నాకు తెలుసు. గట్టి మగాళ్లే వాంతులు చేసుకుని డెక్కు మీద దొర్లుతారు. ఆరు నిండిన కడుపుతో, పాలిపోయిన మొహంతో ఉన్న నా బిడ్డను మూడు పగళ్లూ మూడు రాత్రులూ ఆ నీళ్ల మీద తీసుకెళ్లడం! ఆ తర్వాత ఎముకలో సూది! చెన్నై చేరేసరికి తల్లీ బిడ్డా ఇద్దరూ మిగులుతారా? అల్లుడు టికెట్ల కోసం వెళ్లాడు. మా ఆవిడ బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

మర్నాడు పెద్ద డాక్టరమ్మ సెలవు నుంచి వచ్చారు.

పొట్టి మనిషి. నూలు చీర మీద తెల్ల కోటు, దానికి ఒక్క గుండీ మాత్రమే మిగిలింది. కాళ్లకు రబ్బరు చెప్పులు. మంచం దగ్గరికి వచ్చి వాటిని విడిచి, స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఫైలు ముట్టుకోలేదు. అమ్మాయిని చూస్తూ కూర్చున్నారు. కంటి కింద రెప్ప లాగి చూశారు, గోరు నొక్కి వదిలారు, నాలుక చాపమన్నారు.

"రాత్రి ఏం తిన్నావు తల్లీ?"

"అన్నం, చేప పులుసు."

"ఏం చేప?"

అమ్మాయి నవ్వింది. ఏ చేపయితే ఈవిడకేం పని అని నాకూ అనిపించింది. తర్వాత తెలిసింది, ఆవిడకు నిజంగానే తెలుసుకోవాలని ఉంటుంది. ఆ తర్వాత మోచేతులు చూసి, "ఎవరే నిన్ను కొట్టింది? మీ ఆయనేనా?" అన్నారు. అప్పుడు ఫైలు తెరిచారు. చాలాసేపు తిరగేశారు.

"బాబూ, కిడ్నీ టెస్టు ఇంకా రోజూ ఎందుకు వెళ్తోంది?"

"రొటీన్ మేడమ్" అన్నాడు చిన్న డాక్టరు.

"రొటీన్ అనే డాక్టరు మన ఆస్పత్రిలో ఎప్పుడు చేరాడు? నాకు పరిచయం చెయ్యలేదే!"

చిన్న డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ గొంతులో కోపం లేదు. నిజంగా ఆ డాక్టరెవరో కనుక్కోవాలన్నట్టే అడిగారు.

"ఇవాళ ఈ టెస్టు వచ్చిందనుకో. కొంచెం ఎక్కువొస్తే ఏం చేస్తావు? కొంచెం తక్కువొస్తే ఏం చేస్తావు?"

అతను ఆలోచించాడు. "రెండిటికీ... ఏం చెయ్యను మేడమ్."

"మరి ఆ పిల్ల చెయ్యెందుకు పొడిచావు?"

తర్వాత ఆవిడ చేసిన పని నేను చచ్చేదాకా మరిచిపోను. సిస్టరును పిలిచి ఖాళీ సీసాలు తెప్పించారు, రోజూ అమ్మాయికి తీసే రకాలన్నీ. మా స్టీలు గ్లాసు అడిగి తీసుకున్నారు. కుళాయి దగ్గర సీసాలను గీత వరకు నింపి చిన్న డాక్టరు చేత ఒక్కొక్కటే గ్లాసులో పోయించారు. ఒక రోజువి పోస్తే అడుగున తడి కనబడింది. "ఇదేముంది మేడమ్, కొంచెమే కదా" అన్నాడు చిన్న డాక్టరు. "పొయ్యి బాబూ, పొయ్యి" అన్నారు. రెండో రోజువి పోశాడు, మూడో రోజువి పోశాడు. జ్వరం దిగిన రోజు దాటిపోయింది, కిడ్నీ బాగుందన్న రోజు దాటిపోయింది. వార్డులో మంచాల మీద ఉన్నవాళ్లంతా లేచి చూస్తున్నారు. ఫైల్లో రోజులు అయిపోయేసరికి గ్లాసు అంచు దాకా నీళ్లు వచ్చాయి.

నేను రోజూ టీ తాగే గ్లాసు అది.

"ఇది ఒక్కటే కారణం అనను" అన్నారు ఆవిడ, మమ్మల్ని చూస్తూ. "జ్వరం కొంత తినేసింది. కడుపుతో ఉన్నప్పుడు రక్తం ఎలాగూ కొంత పలచబడుతుంది. దాని మీద మనం రోజూ ఇంత తోడేశాం. ఇప్పుడేమో ఎందుకు తగ్గిందని చెన్నై పంపుతున్నాం. నాకు తెలిసింది ఇంతే. ఆపి చూద్దాం."

ఇక్కడ మా ఆవిడ అడ్డుపడింది. "ఆపేస్తే ఎలాగ డాక్టరమ్మా? టెస్టు సెయ్యకపోతే లోపల ఏటవుతోందో ఎలా తెలుస్తాది? నాకున్నది ఒక్కగానొక్క పిల్ల."

ఆవిడ విసుక్కోలేదు. మా ఆవిడను మంచం మీద పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నేను కరెక్టని నాకూ గ్యారంటీ లేదమ్మా. ఇనుము మందు ఇస్తా, తిండి పెట్టండి. పొద్దున్నా సాయంత్రం నేనే వచ్చి చూస్తా. కంట్లో రంగు మారినా, ఆయాసం వచ్చినా అప్పటికప్పుడు టెస్టు చేయిస్తా. ఏమీ లేకపోతే ఓడ బయల్దేరే ముందు ఒక్కసారి, పసిపిల్లలకు తీసే బుల్లి సీసాలో తీస్తా. పెరిగితే ఇక్కడే ఉంటారు. తగ్గితే నేనే దగ్గరుండి ఓడ ఎక్కిస్తా."

టికెట్లు రద్దు చెయ్యలేదు. సంచులు మంచం కిందే ఉన్నాయి. మా పిల్లా, ఆమె కడుపులో పిల్లా ఆ ఒక్క బుల్లి సీసా మీద ఆధారపడి ఉన్నారు.

ఆ రోజుల్లోనే నాకు ఆవిడ తెలిశారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రబ్బరు చెప్పుల చప్పుడు వినబడేది. అమ్మాయిని వరండా చివరి దాకా నడిపించి, ఆయాసం వస్తోందా అని పక్కనే నడిచేవారు. కంటి రెప్ప చూసేవారు. గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాను, నా బిడ్డను నాకంటే శ్రద్ధగా చూసిన మనిషి ఆవిడ. ఒకరోజు అమ్మాయి కడుపు మీద గొట్టం పెట్టి, తన చెవుల్లోంచి తీసి నా చెవులకు తగిలించారు. "వినండి తాతగారూ!" అన్నారు. అప్పటికి నన్ను తాతా అని పిలిచినవాళ్లు లేరు. లోపల దూరంగా, ఎక్కడో సముద్రం మీద పోయే డింగీ పడవ ఇంజను చప్పుడు. టక టక టక టక. నేను గొట్టం తిరిగి ఇవ్వలేదు. "ఏవండీ, డాక్టరమ్మ గారికి పనులుండవేటి?" అని మా ఆవిడ లాక్కుంటే గాని వదల్లేదు.

ఇక ఆవిడ ప్రశ్నలు! వానలు మొదలయ్యాక మాయాబందర్ రోడ్ల మీదకు ఎండ్రకాయలు ఎటునుంచి వస్తాయి, ఎటు పోతాయి? ఓడ మీద వండిన పప్పుకు ఆ వాసన ఎందుకు వస్తుంది? మా ఊళ్లో ఉండే కరెన్ తెగవాళ్లు ఊరగాయ ఎలా పెడతారు? సగానికి నాకు జవాబు తెలీదు. "మీకు ఇన్ని ప్రశ్నలెందుకు మేడమ్?" అని అడిగేశాను.

"అడగడానికి సూది అక్కర్లేదు కదా తాతగారూ!"

పక్క మంచం మీద డిగ్లీపూర్ నుంచి వచ్చిన బెంగాలీ ఆవిడ ఉండేది. ఒళ్లంతా నీరసం, ఏమీ బాగోలేదని వచ్చి చేరింది. మా అమ్మాయి దగ్గరికి రోజూ ట్రే వెళ్లడం చూసి లోలోపల కుళ్లుకునేదట. డాక్టరమ్మను చూడగానే అందుకుంది. "మేడమ్, ఇస్‌కా ఖూన్ రోజ్ లేతే థే, మేరా ఏక్ బార్ భీ నహీ! హమారా ఖూన్ ఖరాబ్ హై క్యా?" వార్డంతా నవ్వింది. ఇవతల రక్తం తీశారని మేము ఏడుస్తుంటే, అవతల తియ్యలేదని ఆవిడ ఏడుపు! డాక్టరమ్మ కూడా నవ్వారు, కానీ స్టూలు అటు లాక్కున్నారు. జుట్టు ఊడుతోందా, చలి ఎక్కువేస్తోందా, గొంతు ఎప్పటినుంచి ఇలా బొంగురుపోయింది అని అడిగారు. మెడ తడిమారు, పాదాలు నొక్కారు. లేచి, "థైరాయిడ్ టెస్టు ఇప్పుడే పంపించు. రేపు కాదు, ఇప్పుడే" అన్నారు చిన్న డాక్టరుతో.

అతను తెల్లబోయాడు. "మేడమ్, మీరు టెస్టులు వద్దంటారు కదా?"

"నేనెప్పుడన్నాను? టెస్టంటే మన ఇంటి చుట్టం లాంటిది బాబూ. పిలిచిన రోజు రాకపోతే కోపం వస్తుంది. పిలవకుండా రోజూ వచ్చి కూర్చుంటే మన అన్నం అయిపోతుంది."

డిగ్లీపూర్ ఆవిడకు ఆ జబ్బే అని తేలింది. మాత్రలు ఇచ్చారు. "దేఖా? మేరా భీ ఖూన్ లియా!" అని ఆవిడ మా ఆవిడకు చెయ్యి చాపి చూపించింది, గాజులు చూపించినట్టు.

ఓడ బయల్దేరే ముందు రోజు పొద్దున బుల్లి సీసా తీశారు. వేలి గోరంత. అది ల్యాబుకు పోయింది. మా ఆవిడ వరండాలో మోకరించి ప్రార్థన చేస్తోంది. అల్లుడు టికెట్లు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. నేను ఊరికే నిలబడ్డాను. మధ్యాహ్నానికి చిన్న డాక్టరు వరండా చివరి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆస్పత్రిలో పరుగెత్తకూడదని బోర్డు ఉంటుంది, దాని కిందనుంచే వచ్చాడు.

"అంకుల్, బఢ్ గయా! పెరిగింది! కొంచెమే, కానీ పెరిగింది!"

నేను అతన్ని ఎత్తేశాను. నిజంగానే నేల మీదనుంచి ఎత్తేశాను, ఈ ముసలి చేతులతో. వెనకనుంచి డాక్టరమ్మ, "దింపండి తాతగారూ, సాయంత్రం అతనికి డ్యూటీ ఉంది" అంటున్నారు. ఆవిడ కళ్లజోడు తీసి కోటుకు తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

ఓడ మేము లేకుండానే పోయింది.

ఆ తర్వాత వార్డులో ఒక పద్ధతి పెట్టారు ఆవిడ. టెస్టు రాసే డాక్టరు, అది ఎందుకో మంచం మీదున్న మనిషికి వాళ్ల భాషలో నోటితో చెప్పాలి. చెప్పలేకపోతే రాయకూడదు. దీనివల్ల ఎక్కువ ఇబ్బంది పడింది చిన్న డాక్టరు, ఎందుకంటే మా ఆవిడ పూర్తిగా పార్టీ మార్చేసింది. "ఎందుకేటి బాబూ ఇది? నిన్న సూసేరు కదా? ఎక్కువొస్తే ఏటి సేస్తావు, తక్కువొస్తే ఏటి సేస్తావు?" అని నిలదీసేది. అతను తెలుగూ హిందీ కలిపి, చేతులు తిప్పి చెప్పేవాడు. కొన్నిసార్లు సగంలో ఆగి, "అవసరం లేదులే ఆంటీ" అని కలం జేబులో పెట్టుకునేవాడు.

నెలలు నిండాక మా మనవరాలు పుట్టింది. నల్లటి జుట్టుతో, బిగించిన పిడికిళ్లతో, మా జెట్టీ సైరనులాంటి గొంతుతో. డాక్టరమ్మ వచ్చి పిల్ల నెత్తి వాసన చూశారు. "దీనికి ఎంత కోపం! ఎందుకే నీకు ఇంత కోపం?" అని దాన్నే అడిగారు. తర్వాత కొద్దిరోజులకే రిటైరై డెలానీపూర్‌లోనే ఉండిపోయారు. పోర్ట్ బ్లెయిర్ వెళ్లినప్పుడల్లా ఎండ్రకాయలు తీసుకుని వెళ్లేవాళ్లం. ముందు పిల్లను అడిగేవారు యోగక్షేమాలు, తర్వాతే మమ్మల్ని.

కబురు విన్న మర్నాడు అందరం వెళ్లాం. ఆవిడ తమ్ముడు విమానంలో రావాలి. అంతవరకూ జనం పెరట్లో, మెట్ల మీద, గేటు బయట కూర్చున్నారు. నర్సులు, ఆయాలు, ఎక్కడెక్కడి ద్వీపాల నుంచో వచ్చిన రోగులు. చిన్న డాక్టరు వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. మొహం వాచిపోయి ఉంది. జబ్బు చేసిన చివరి రోజుల్లో ఆవిడకు వైద్యం చేసింది అతనే.

"మొన్న రక్తం తీద్దామని వెళ్లాను అంకుల్" అన్నాడు. "అడిగారు, ఎక్కువొస్తే ఏం చేస్తావు, తక్కువొస్తే ఏం చేస్తావు అని. నాకు తెలుసు, చెయ్యడానికి ఇక ఏం లేదు. ఆవిడకూ తెలుసు. నిజం చెప్పేశా. మీరు ఇంకొన్నాళ్లు ఉంటారేమో తెలుసుకోవాలని ఉంది మేడమ్, అంతే అని."

"ఏమన్నారు?"

"నవ్వారు. చెయ్యి చాపారు. అయితే తీసుకో బాబూ, అది కూడా కారణమే అన్నారు."

అతను మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. నేను వీపు మీద చెయ్యి వేశాను.

మా పిల్ల ఈమధ్యే అడుగులు నేర్చింది. వాళ్లమ్మ చేతుల్లోంచి జారి, కూర్చున్నవాళ్ల మోకాళ్లు పట్టుకుంటూ మా దగ్గరికి వచ్చింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, ఎండకు చెమట పట్టింది. చిన్న డాక్టరు తలెత్తాడు. అది అతని చొక్కా జేబు పట్టుకుని నిలబడి, కలం లాగి, విసిరేసి, అతని మొహంలోకి చూసింది. అతను నాడి పట్టుకోలేదు, కన్ను లాగి చూడలేదు. మెట్టు దిగి దాని ఎత్తుకు నేల మీద కూర్చుని, అది ఊపిరి పీల్చడం, నవ్వడం, మళ్లీ నడవడం చూస్తూ ఉండిపోయాడు. తమ్ముడుగారి కారు వచ్చి గేటు దగ్గర ఆగింది. అందరూ లేచారు. అతను ఇంకా చూస్తూనే ఉన్నాడు.